ముల్లు దించే ముందు

కొన్ని రికార్డులను ఒక్కసారే వాయించగలం. ముల్లు ముందుకు నడుస్తుంటే దాని వెనకాలే గాడి పెచ్చులూడిపోతుంది. రెండోసారి విందామంటే వినడానికి ఏమీ మిగలదు. కాబట్టి ఆ ఒక్కసారికే అన్నీ కుదరాలి: ముల్లు మందం, దాని మీద బరువు, పళ్లెం తిరిగే వేగం, అవతల రికార్డు చేసుకుంటున్న యంత్రం. ఎక్కడ తేడా కొట్టినా అంతే సంగతులు.

2010లో న్యూయార్క్‌లోని హార్లెమ్ జాతీయ జాజ్ మ్యూజియం చేతికి వచ్చిన సుమారు 975 ప్లేట్లలో ఇలాంటివి కొన్ని ఉన్నాయి. వాటిని దాచినాయన పేరు బిల్ సావరీ. 1930ల రెండో సగంలో న్యూయార్క్‌లో సౌండ్ ఇంజనీరు. హోటళ్ల నుంచి, డాన్స్ హాళ్ల నుంచి రేడియోలో వచ్చే జాజ్ కచేరీలను తన సొంతానికి ప్లేట్ల మీద గీసుకునేవాడు. దుకాణంలో అమ్మే మామూలు రికార్డులో అప్పట్లో ఒక వైపు 3 నిమిషాల పైచిలుకు మాత్రమే పట్టేది. సావరీ వాడినవి పెద్ద ప్లేట్లు, కొన్నయితే 16 అంగుళాలవి, నెమ్మదిగా తిరిగేవి. అందుకే కౌంట్ బేసీ, లెస్టర్ యంగ్, కోల్మన్ హాకిన్స్ లాంటి జాజ్ దిగ్గజాలు గడియారం చూసుకోకుండా వాయించిన సంగీతం వాటిలో నిలిచింది. సావరీ 2004లో పోయాడు. బతికున్నన్నాళ్లూ వాటిని దాదాపు ఎవరికీ వినిపించలేదు. చివరికి ఇలినాయ్ రాష్ట్రంలో మాల్టా అనే ఊళ్లో, ఆయన కొడుకు దగ్గర పెట్టెలు బయటపడ్డాయి.

డగ్ పోమెరాయ్ అనే ఇంజనీరు వాటిని ఒక్కొక్కటే తుడిచి డిజిటల్‌లోకి ఎక్కించాడు. పావు వంతు బాగున్నాయి, సగం దెబ్బతిన్నా పనికొస్తాయి, మిగతా పావు వంతు పరిస్థితి ఘోరం. ఇదీ మొదట్లో మ్యూజియం వేసుకున్న లెక్క.

పాత రికార్డును బాగుచేయడం అంటే కంప్యూటర్‌లో వేసి గరగర తీసేయడం అని చాలామంది అనుకుంటారు. నేనూ చాలా ఏళ్లు అదే అనుకున్నాను. కానీ ఈ పని చేసేవాళ్ల పద్ధతులు చదివేకొద్దీ, ఒకే పాటకు వేర్వేరు కంపెనీలు చేసిన ప్రతులను పక్కపక్కన పెట్టి వినేకొద్దీ ఒకటి అర్థమైంది. ముక్కాలు మువ్వీసం పని ముల్లు దించే ముందే అయిపోతుంది. కంప్యూటర్ వంతు వచ్చేసరికి ఆ రికార్డు బాగుపడుతుందా లేదా అన్నది తేలిపోయి ఉంటుంది.

ఆముదం చేసిన పని

సావరీ ప్లేట్లలాంటి వాటిని ఇంగ్లిష్‌లో అందరూ అసిటేట్లు అంటారు. తమాషా ఏమిటంటే వాటిలో అసిటేట్ ఉండదు. లోపల అల్యూమినియం రేకు ఉంటుంది. యుద్ధకాలంలో అల్యూమినియం విమానాలకు పోవడంతో గాజు పలకలు కూడా వాడారు. దాని మీద నైట్రోసెల్యులోజ్ పూత, అంటే పాత సినిమా రీళ్లు తయారైన, నిప్పు తగిలితే భగ్గుమనే పదార్థమే. ఈ పూత మెత్తగా ఉంటేనే కచేరీ జరుగుతుండగా మొన దాని మీద గాడి కోయగలదు. మెత్తగా ఉండటానికి ఏం కలిపేవాళ్లంటే, ఆముదం. మన అమ్మమ్మలు తలకు పట్టించిన ఆముదమే.

కలిపిన రోజు బాగానే ఉంటుంది. దశాబ్దాలు గడిచేకొద్దీ తేమకూ వేడికీ ఆముదం విడిపోయి కొవ్వు ఆమ్లాలుగా మారుతుంది. పామిటిక్, స్టియరిక్ ఆమ్లాలు తెల్లగా, జిడ్డుగా పైకి తేలి ప్లేటు నిండా బూజు పట్టినట్టు కనిపిస్తాయి. దాన్ని తుడవొచ్చు. అసలు బాధ అది కాదు. ఆముదం పోయిన పూత కుంచించుకుపోతుంది, కింద ఉన్న అల్యూమినియం కుంచించుకోదు. నీళ్లింకిన చెరువులో మట్టి నెర్రెలు విచ్చినట్టు పూత విచ్చుకుంటుంది. తర్వాత పెచ్చులుగా లేస్తుంది. ఆ పెచ్చు మీదే హాకిన్స్ శాక్సఫోన్ ఉంటుంది.

ఇలాంటి ప్లేట్లు ఉన్నది సావరీ దగ్గర మాత్రమే కాదు. 1940 నవంబర్ 7న నార్త్ డకోటాలోని ఫార్గో అనే ఊళ్లో, డాన్స్ హాల్లో డ్యూక్ ఎలింగ్టన్ బ్యాండ్ వాయిస్తుంటే జాక్ టవర్స్, డిక్ బరిస్ అనే ఇద్దరు కుర్రాళ్లు మోసుకెళ్లగల యంత్రంతో ఆ రాత్రంతా ప్లేట్ల మీద ఎక్కించారు. అనుమతి అడిగి, సరదా కోసం చేసిన పని. ట్రంపెట్ వాయించే రే నాన్స్‌కి ఆ బ్యాండ్‌తో అదే తొలి రాత్రి. ఎలింగ్టన్ బ్యాండ్ మంచి ఊపు మీదున్న రోజుల్లో మామూలు జనం ముందు ఎలా వాయించిందో తెలియాలంటే ఇవాళ అందరూ వెళ్లేది ఆ ప్లేట్ల దగ్గరికే. వాటిని రికార్డు చేసిన టవర్స్ తర్వాతి జీవితంలో పాత రికార్డులను బాగుచేయడంలో పేరున్న మనిషయ్యాడు. జాజ్ చరిత్రలో సగం ఇలా అభిమానుల పుణ్యాన మిగిలింది. కంపెనీల చేతిలో ఉన్న సగం గురించి తర్వాత చెప్తాను.

రైలు వెళ్లేదాకా ఆగి

ఇంకా వెనక్కి, 1923 ఏప్రిల్ 5కి వెళ్దాం. ఇండియానా రాష్ట్రంలోని రిచ్‌మండ్‌లో స్టార్ అనే పియానోల కంపెనీకి జెనెట్ అనే రికార్డుల విభాగం ఉండేది. స్టూడియో రైలు పట్టాల పక్కనే. రైలు వస్తే రికార్డింగ్ ఆపేసి కూర్చోవాల్సిందే. చికాగో నుంచి కింగ్ ఆలివర్ క్రియోల్ జాజ్ బ్యాండ్ అక్కడికి వచ్చింది. అందరూ నల్లజాతివాళ్లు. రెండో కార్నెట్ (ట్రంపెట్ లాంటి ఊదే వాద్యం, మొదటిది ఆలివర్‌దే) వాయించే కుర్రాడి వయసు 21, పేరు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్. అతని తొలి రికార్డింగులు ఇవే. ఇదే కంపెనీ ఆ రోజుల్లో డబ్బిచ్చిన, నల్లజాతివాళ్లను ద్వేషించే కూ క్లక్స్ క్లాన్‌కి కూడా రికార్డులు అచ్చు వేసి పెట్టింది. వ్యాపారానికి ఏ సిద్ధాంతమూ అడ్డు రాలేదు.

అక్కడ మైకు లేదు. గోడలోంచి పొడుచుకొచ్చిన ఒక పెద్ద బాకా ఉంటుంది. దాని ముందు బ్యాండంతా నిలబడి వాయిస్తుంది. బాకా చివర ఉన్న పల్చటి పొర ఆ గాలి కదలికకు అదురుతుంది. పొరకు అతికించిన మొన తిరుగుతున్న మైనపు పలక మీద గాడి గీస్తుంది. కరెంటు ప్రమేయమే లేదు, మనిషి ఊపిరే గాడి గీసింది. ఎవరి శబ్దం ఎంత వినిపించాలన్నది వాళ్లు బాకాకు ఎంత దూరంలో నిలబడ్డారన్న దాన్ని బట్టే. ఆర్మ్‌స్ట్రాంగ్ ఊదుడు ఆలివర్‌ని మింగేస్తోందని అతన్ని గదిలో బాగా వెనక్కి పంపారని, బిక్కమొహం వేసుకుని దూరంగా నిలబడ్డాడని ఆ బ్యాండ్‌లో పియానో వాయించిన లిల్ హార్డిన్ తర్వాత చెప్పేది. ఆమె మరుసటి ఏడాది అతన్ని పెళ్లి చేసుకుంది. డ్రమ్ములు గట్టిగా కొడితే మొన ఎగిరి గాడి చెడుతుందని డ్రమ్మర్ బేబీ డాడ్స్‌తో చెక్క దిమ్మల మీద వాయింపించారు. కాబట్టి ఆ రికార్డు విని ఆలివర్ బ్యాండ్‌లో డ్రమ్మర్ ఇంతే వాయించేవాడు అనుకుంటే మోసపోయినట్టే.

బాకా పట్టుకోగలిగిన స్వరాల మేర కూడా చిన్నది. మన చెవి 20 వేల హెర్ట్జ్ దాకా, అంటే సెకనుకు 20 వేల కంపనాల దాకా వింటుంది. బాకా మహా అయితే రెండు మూడు వేల దాకా. కింది వైపు మంద్ర స్వరాలు దాదాపు పడవు. 1925లో కరెంటు మైకులు వచ్చేదాకా ఇదే పరిస్థితి. అంటే 1923 నాటి రికార్డులో లేని శబ్దాన్ని ఎవరూ 'బాగుచేసి' తేలేరు. మిగిలినదాన్ని పోగొట్టకుండా పైకి తీసుకురావడం ఒక్కటే చేతిలో ఉన్న పని.

మైనపు పలక నుంచి లోహపు అచ్చు తీసి, ఆ అచ్చుతో నల్లటి ప్లేట్లు నొక్కేవాళ్లు. ఆ నల్ల ప్లేటులో అంటు పదార్థం లక్క. మన ఛోటా నాగపూర్ అడవుల్లో పురుగులు చెట్ల మీద పెట్టే లక్కే కలకత్తా రేవు నుంచి ఓడలెక్కి ప్రపంచంలోని రికార్డుల కంపెనీలన్నిటికీ వెళ్లేది. లాడ్ బజార్ గాజుల లక్కకూ, ఆర్మ్‌స్ట్రాంగ్ తొలి సోలో ఉన్న ప్లేటు లక్కకూ పుట్టిల్లు ఒకటే. లక్క ఖరీదు కాబట్టి దానిలో పలకరాయి పొడి, సున్నపురాయి పొడి బాగా దట్టించేవాళ్లు. ఆ పొడి ఉక్కు ముల్లును అరగదీసి గాడికి సరిపోయే ఆకారానికి తెస్తుంది. ముల్లు అరుగుతుంటే గాడి మాత్రం ఊరుకుంటుందా? ముల్లు బిగించిన బరువైన సౌండ్‌బాక్సు కింద ఒక్కో వాయింపుకీ గాడి అంచులు అరిగి, నల్ల ప్లేటు బూడిద రంగుకు తిరుగుతుంది. జనం బాగా ఇష్టపడ్డ రికార్డే ఎక్కువ పాడైంది. ఇవాళ అద్దంలా మెరిసే ప్రతి దొరికిందంటే అది ఎవరికీ నచ్చలేదేమో అని అనుమానించొచ్చు.

ఇలా అరిగినవి కాక పోయినవి ఎన్నో. ఆర్థిక మాంద్యంలో రికార్డుల అమ్మకాలు కుప్పకూలాయి. కంపెనీలు మూతబడి లోహపు అచ్చులు తుక్కు కింద వెళ్లాయి. 1942లో జపాన్ యుద్ధం వల్ల మన దేశం నుంచి లక్క వెళ్లడం కష్టమై, రికార్డులకు వాడే లక్క మీద అమెరికా ప్రభుత్వం కోత పెట్టింది. కొత్త రికార్డు కావాలంటే పాతది తెచ్చివ్వమన్నారు. ఆ పాతవాటిని పొడికొట్టి కొత్తవాటిలో కలిపేశారు. బెనీ గుడ్మన్ డాన్స్ రికార్డు ఒకటి నొక్కడానికి ఏ ఆలివర్ ప్లేటు పొడి అయిందో ఎవరికి తెలుసు.

నాలుగు ముళ్లు, రెండు గోడలు

ఇక ప్లేటు చేతికొచ్చింది అనుకుందాం. మొదట కడగాలి. స్పిరిట్ తగలకూడదు. చపడా పాలిష్ పట్టించే వడ్రంగిని అడిగితే చెప్తాడు, లక్క స్పిరిట్‌లో కరిగిపోతుందని. శుద్ధమైన నీళ్లు, కొంచెం సున్నితమైన సబ్బు, మెత్తటి బ్రష్, తర్వాత తడిని పీల్చేసే యంత్రం. గాడిలో ఇరుక్కున్న ఉక్కు రజను, దుమ్ము ఇక్కడే పోవాలి. ఇది సరిగ్గా చేస్తే వినబడే చిటపటలో కొంత ఇక్కడే పోతుంది, ఏ సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు.

తర్వాత ముల్లు. నాకు అన్నిటికంటే ముచ్చటగొలిపే భాగం ఇది. ఎల్పీ రికార్డు ముల్లు మొన సుమారు 25 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత రికార్డుకు దాదాపు దానికి మూడింతలు. కానీ 'దాదాపు' అంటే చాలదు. పాత ఉక్కు ముల్లు గాడిలో ఏ ఎత్తున నడిచిందో ఆ ఎత్తున గోడ అరిగిపోయి ఉంటుంది. కొంచెం లావు ముల్లు పెడితే అది అరగని పై భాగాన్ని తాకుతూ నడుస్తుంది. సన్నది పెడితే అడుగుకు దిగుతుంది. కొన్నిటికి మొన కత్తిరించిన ముల్లు కావాలి, లేకపోతే గాడి అడుగున ఉన్న చెత్తంతా వినిపిస్తుంది. అందుకే ఈ పనివాళ్ల దగ్గర రకరకాల ముళ్లుంటాయి. ఒక్కొక్కటే మార్చి, అదే పది సెకన్లు మళ్లీ మళ్లీ విని, కార్నెట్ ఏ ముల్లు కింద ముందుకొస్తుందో చూస్తారు. ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్ల 78 రికార్డుల ప్రాజెక్టులో ఈ వెతుకులాట కలిసొచ్చేలా ఒకే పళ్లెం మీద ముల్లు బిగించిన చేతులు నాలుగు పెట్టారు. నాలుగు సైజుల ముళ్లు ఒకేసారి నడుస్తాయి, నాలుగు ప్రతులూ దాస్తారు. ఏది బాగుందో తర్వాత వినేవాడే ఎంచుకుంటాడు.

ఇంకో కిటుకు ఉంది. ఆ రికార్డులు మోనోవి, గాడికి రెండు వైపులా ఉన్నది ఒకే శబ్దం. అయినా రెండు గోడలనూ విడివిడిగా చదివే స్టీరియో ముల్లుతోనే వాయిస్తారు. ఎందుకంటే రెండు గోడలూ ఒకేలా అరగవు. పాత గ్రామఫోన్ చెయ్యి ఒక వైపుకు ఎక్కువ ఒత్తిడి పెట్టి ఉంటుంది. గోడలను విడివిడిగా ఎక్కించుకుంటే ఎక్కడ ఎడమ గోడ బాగుంటే అక్కడ ఎడమది, ఎక్కడ కుడిది బాగుంటే అక్కడ కుడిది తీసుకోవచ్చు. రెండు ప్లేట్లు దొరికితే మరీ మంచిది, ఒకదాని మొదటి సగం, ఇంకోదాని రెండో సగం కలిపి అతుకు కనబడకుండా కుడతారు. మన తాళపత్ర గ్రంథాలను పరిష్కరించేవాళ్లు నాలుగు ప్రతులు ముందేసుకుని ఒక పాఠం తేల్చినట్టే.

అసలు ముల్లే పెట్టలేని ప్లేట్ల సంగతేమిటి? కాలిఫోర్నియాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలలో కార్ల్ హేబర్ అనే భౌతిక శాస్త్రవేత్త, అణువుల లోపలి కణాల జాడలు కొలిచే పద్ధతిని గాడుల మీదికి మళ్లించాడు. గాడిని అతి దగ్గరగా ఫోటో తీసి, వంపులను కంప్యూటర్‌తో కొలిచి శబ్దంగా మారుస్తారు. ఐరీన్ అని పేరు. ముక్కలైన ప్లేటునూ పెచ్చులు లేచిన పూతనూ చోటులో పేర్చి ఫోటో తీస్తే చాలు, ఏమీ తాకదు. 1860లో ఒక ఫ్రెంచి మనిషి మసి పూసిన కాగితం మీద గీయించిన పాటను 2008లో వినగలిగింది కూడా ఈ దారిలోనే. అయితే మంచి స్థితిలో ఉన్న ప్లేటుకు మంచి ముల్లే ఇప్పటికీ మేలు.

ఒకటి శ్రుతా, ఒకటిన్నరా?

పేరుకే 78. అప్పటి కంపెనీలు 70ల నుంచి 80లు దాటేదాకా ఎక్కడ పడితే అక్కడ నడిపాయి. ఒకే స్టూడియోలో పొద్దున ఒక వేగం, సాయంత్రం ఒక వేగం. వేగం 6 శాతం పెరిగితే శ్రుతి ఒక స్వరస్థానం పైకెక్కుతుంది. ఒకటి శ్రుతిలో వాయించినది ఒకటిన్నరలో వినిపిస్తుంది. లయ కూడా పరుగెడుతుంది, కార్నెట్ కంపితం మేకపోతు గొంతులా తయారవుతుంది.

మరి ఎంత వేగమో తేల్చేదెలా? బ్యాండ్‌లో పియానో ఉంటే అది ఏదో ఒక పద్ధతిగా శ్రుతి చేసి ఉంటుంది కాబట్టి, రెండు స్వరాల మధ్య సందులో పడ్డ వేగాలు తప్పని తెలుస్తుంది. ఇక మిగిలేవి రెండు మూడు అవకాశాలు. అక్కడ వాద్యం గురించి తెలిసుండాలి. కార్నెట్, క్లారినెట్ వాయించేవాళ్లకు బి ఫ్లాట్ చేతికి హాయిగా ఉండే శ్రుతి. దానికి ఒక్క స్వరస్థానం పైనున్న బి శ్రుతిలో వేళ్లు మెలికలు తిరుగుతాయి. రికార్డు బి లో వినిపిస్తోందంటే బ్యాండంతా అంత కష్టపడి వాయించిందనుకోవడం కంటే యంత్రం తప్పు తిరిగిందనుకోవడం నయం. కరెంటు మైకుల కాలం రికార్డుల్లో అయితే ఒక్కోసారి అడుగున కరెంటు గుయ్యిమనే రొద దాక్కుని ఉంటుంది. అమెరికాలో అది 60 హెర్ట్జ్. ఆ రొదను 60కి తెస్తే పాట దానంతటదే అసలు శ్రుతికి వస్తుంది. చెడు అనుకున్న శబ్దమే సాక్ష్యం చెప్తుందన్నమాట.

ఇది కేవలం పండితుల చాదస్తం కాదు. జాజ్‌లో రికార్డే గురువు. కాగితం మీద రాసినది తక్కువ, పిల్లలు ప్లేటు పెట్టుకుని దానితో పాటు వాయించి నేర్చుకుంటారు. రికార్డు తప్పితే నేర్చుకున్నదీ తప్పుతుంది. దీనికి ఉదాహరణ ఏదో మూల పడున్న ప్లేటు కాదు, జాజ్‌లో అత్యధికంగా అమ్ముడైన ఆల్బమ్‌లలో ముందుండే మైల్స్ డేవిస్ 'కైండ్ ఆఫ్ బ్లూ'. 1959 మార్చి 2న రికార్డు చేసిన మూడు పాటలు దాని మొదటి వైపు ఉన్నాయి. ఆ రోజు అసలు టేపు యంత్రం కొంచెం నెమ్మదిగా నడిచింది. నెమ్మదిగా ఎక్కించినదాన్ని సరైన వేగంతో వాయిస్తే శ్రుతి పైకి పోతుంది కదా. అలా పోయింది. 1992 దాకా, అంటే 33 ఏళ్లు, ప్రపంచమంతా మొదటి వైపును ఎక్కువ శ్రుతిలోనే విన్నది. దానితో పాటు వాయిద్దామని కూర్చున్న కుర్రాళ్లు తమ వాద్యమే శ్రుతి తప్పిందేమో అని మళ్లీ మళ్లీ సరిచేసుకుని ఉంటారు. ఆ రోజు జాగ్రత్త కోసం పక్కన ఇంకో యంత్రం కూడా నడిచింది, అది సరిగ్గానే నడిచింది. ఆ రెండో టేపు ఉండబట్టి తప్పు దిద్దగలిగారు.

గరగర ఎంత తీయాలి

ఇప్పుడు కంప్యూటర్ దగ్గరికొద్దాం. దీనికి ముందు ఏం చేసేవాళ్లో చెప్తే ఇప్పటి తరానికి నవ్వొస్తుంది. జాన్ ఆర్.టి. డేవిస్ అని ఇంగ్లండ్‌లో ఒకాయన ఉండేవాడు. స్వయంగా జాజ్ వాద్యకారుడు, 2004లో పోయాడు. రికార్డును టేపు మీదికి ఎక్కించి, టేపును చేత్తో ముందుకూ వెనక్కూ జరుపుతూ ఒక్కో 'చిటుక్' ఎక్కడుందో పట్టుకుని, అక్కడ టేపు మీది పూతను పదునైన మొనతో కాస్త గీకేసేవాడు. మూడు నిమిషాల పాటలో వందల గీకుళ్లు. పాలు పోస్తే చిటపటలాడే అమెరికన్ టిఫిన్ పేలాల ప్రకటనను తలచుకుని ఈ పనికి 'డీసీరియలైజింగ్' అని, అంటే పేలాలు ఏరేయడం అని ఆయనే పేరు పెట్టాడు. ఆయన చేసిన ప్రతుల్లో గరగర ఇంకా వినిపిస్తుంది. దాని వెనక మనుషులూ వినిపిస్తారు.

ఇవాళ అదే పని సాఫ్ట్‌వేర్ చిటికెలో చేస్తుంది. విడివిడి చిటుకులను తీయడంలో దానికి తిరుగులేదు. కష్టం ఎడతెగని గరగరతో, సుయ్యిమనే రొదతో. అక్కడ సాఫ్ట్‌వేర్ చేసేది ఒక ఊహ: ఈ శబ్దంలో ఇంత రొద, ఇంత సంగీతం అని. కానీ జాజ్‌లో ఆ సరిహద్దు స్పష్టంగా ఉండదు. డ్రమ్మర్ తీగల కుంచెతో డ్రమ్ము చర్మం మీద రాస్తుంటే వచ్చే 'సుస్సు' ఏమిటి? లెక్క ప్రకారం అది రొదే. శాక్సఫోన్‌లో స్వరం మొదలయ్యే ముందు తప్పించుకునే ఊపిరి? అదీ రొదే. డ్రమ్ముల పక్కనుండే తాళపు బిళ్ల (సింబల్) మోగి మోగి ఆరిపోయే చివరి క్షణం? అదీ అంతే. గరగరను తీసే మీట కొంచెం ఎక్కువ తిప్పితే వీటన్నిటినీ కలిపి ఊడ్చేస్తుంది. మిగిలేది నీళ్లలో మునిగి వాయించినట్టుండే ఓ నున్నటి శబ్దం. 1980లు, 90లలో వచ్చిన సీడీల్లో ఈ పాపం చాలా ఉంది. దానికి తోడు మోనోను నకిలీ స్టీరియో చేసి, లేని హాలు ప్రతిధ్వని పూసినవాళ్లూ ఉన్నారు.

నా మట్టుకు నాకు గరగర ఉన్న ప్రతే ఇష్టం. రెండు నిమిషాలు వింటే చెవి దాన్ని దానంతటదే పక్కన పెట్టేస్తుంది, వాన పడుతుంటే కబుర్లు చెప్పుకున్నట్టు. కానీ ఊడ్చేసిన ఊపిరిని ఏ చెవీ తిరిగి తెచ్చుకోలేదు.

ఇప్పుడు కృత్రిమ మేధ వచ్చింది. కలిసిపోయిన వాద్యాలను విడదీస్తుంది, లేని పై స్వరాలను ఊహించి నింపుతుంది. విడదీయడం వరకు, పాఠం కోసం, పరిశోధన కోసం ఉపయోగమే. నింపడం దగ్గర నాకు ఒప్పదు. 1923 బాకాలో పడని శబ్దాన్ని యంత్రం వేల పాటలు విని ఊహించి పెడితే అది ఎవరి కార్నెట్? అందుకే భాండాగారాల వాళ్లు ఒక నియమం పెట్టుకున్నారు. ముల్లు కింద వచ్చింది వచ్చినట్టుగా, ఏ దిద్దుబాటూ లేకుండా, చాలా ఎక్కువ నాణ్యతతో (96 కిలోహెర్ట్జ్, 24 బిట్లు) ఒక ఫైలు దాచాలి. దిద్దులాటలన్నీ దాని నకలు మీదే. రేపు మెరుగైన పద్ధతి వస్తే మళ్లీ మొదటి నుంచి చేసుకోవచ్చు.

పెట్టె మీద పేరు

పోయిందనుకున్నవి కొన్ని నిజానికి పోలేదు, ఎక్కడున్నాయో ఎవరికీ తెలియదంతే. 1957 నవంబర్ 29న న్యూయార్క్‌లోని కార్నెగీ హాల్లో పియానో వాయించే థెలోనియస్ మంక్ బృందంలో శాక్సఫోన్ వాద్యకారుడు జాన్ కోల్ట్రేన్ వాయించాడు. ఆ ఇద్దరూ కలిసి పనిచేసింది కొన్ని నెలలే, రికార్డులు చాలా తక్కువ. ఆ కచేరీని అమెరికా ప్రభుత్వ రేడియో వాయిస్ ఆఫ్ అమెరికా టేపు చేసింది. టేపులు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు చేరి, అక్కడ అల్మరాలో కూర్చున్నాయి. 2005లో డిజిటల్ చేయాల్సిన టేపులు చూస్తూ లారీ ఆపెల్‌బామ్ అనే ఉద్యోగికి ఒక పెట్టె మీద చేత్తో రాసిన 'టి. మంక్' కనిపించింది. వాయించి చూస్తే కోల్ట్రేన్. టేపుకు ఏ చెదా పట్టలేదు, శబ్దం శుభ్రంగా ఉంది. 48 ఏళ్లపాటు లేనిది ఒక సరైన చీటీ.

దీనికి అవతలి కొస కూడా ఉంది. కోల్ట్రేన్ 1963 మార్చి 6న రికార్డు చేసిన ఒక ఆల్బమ్ అసలు టేపును కంపెనీయే చోటు చాలక పారేసింది. ఇంటికి తీసుకెళ్లి వినడానికని ఇచ్చిన మోనో నకలు ఆయన మొదటి భార్య నైమా కుటుంబం దగ్గర మిగిలి, 2018లో బయటికొచ్చింది. కంపెనీ గోదాముల కంటే ఇళ్లలో అటకలే నయం అనిపిస్తుంది ఇలాంటివి చదివినప్పుడు. 2008లో యూనివర్సల్ స్టూడియో ఆవరణలో జరిగిన అగ్నిప్రమాదంలో ఎన్ని అసలు టేపులు కాలాయన్నది ఇంకా వాదన గానే ఉంది.

ఇక చట్టం. సావరీ ప్లేట్లు 2010లో దొరికితే, జనం డబ్బిచ్చి వినగలిగింది 2016లో. ఆరేళ్లలో సాంకేతిక పని కొంత, మిగతాదంతా హక్కుల చిక్కుముడి. రేడియో కచేరీకి హక్కుదారు ఎవరు? బ్యాండ్ నాయకుడా, పక్కన వాయించినవాళ్లా, స్టేషనా, వాళ్ల మనవలా? 2018 దాకా అమెరికాలో 1972కి ముందు రికార్డులన్నీ రాష్ట్రాల చట్టాల కింద ఉండిపోయాయి, 1900 నాటిదైనా స్వేచ్ఛగా వాడుకోవడానికి లేదు. యూరప్‌లో అప్పటికే గడువు తీరిపోయింది. అందుకే అమెరికా సంగీతానికి మంచి పునర్ముద్రణలు చాలా వరకు ఇంగ్లండ్, ఫ్రాన్స్‌ల నుంచి వచ్చాయి. మన దేశంలో గడువు 60 ఏళ్లు. 2018 చట్టంతో అమెరికాలో కూడా తలుపు తెరుచుకుంది, 1923 రికార్డులు 2024 జనవరి 1న అందరివీ అయ్యాయి. తర్వాతి సంవత్సరాలవి ఏడాదికొక ఏడాది చొప్పున వస్తున్నాయి. అయినా గొడవలు తీరలేదు. ఆ నాలుగు ముళ్ల ప్రాజెక్టు మీద పెద్ద కంపెనీలు 2023లో దావా వేశాయి, 2025లో రాజీ కుదిరింది.

రిచ్‌మండ్‌కి తిరిగొస్తే, ఆలివర్ బ్యాండ్ అదే ఏడాది అక్టోబర్‌లో మళ్లీ అక్కడ రికార్డు చేసింది. వాటిలో ఒక ప్లేటు నంబరు జెనెట్ 5275. ఒక వైపు 'జూలూస్ బాల్', రెండో వైపు 'వర్కింగ్ మ్యాన్ బ్లూస్'. ఇప్పటిదాకా ప్రపంచంలో దానికి తెలిసిన ప్రతి ఒకటే. అరిగిన ప్లేటు. మనకు వినిపించే సీడీ అయినా, యూట్యూబ్ అయినా, ఆ ఒక్క ప్లేటు మీద ఎవరో ఒకరు ముల్లు దించితే వచ్చినదే. గరగర దట్టంగా ఉంటుంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఓపిగ్గా ఉంటే దాని వెనక రెండు కార్నెట్లు కలిసి నడవడం తెలుస్తుంది. ఏది ఆలివర్, ఏది ఆర్మ్‌స్ట్రాంగ్ అని తేల్చుకోవడానికి నేను చాలాసార్లు ప్రయత్నించాను. కుదర్లేదు. ఇంకో ప్లేటు ఎవరి అటక మీదైనా ఉండి ఉంటే, దాని గాడి వేరే చోట అరిగి ఉంటే, రెండూ కలిపి కుట్టొచ్చు.